నాయన భుజమ్మీద ఉన్నది నేనా, అక్కా?

పేరు వేయొద్దని చెప్పి నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు, కుదించి చెబుతాను. ఆవిడకు నలభై దాటాయి. పుట్టిన ఊరు కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుపాను నాటికి ఆవిడకు అయిదున్నరేళ్లు, అక్కకు తొమ్మిది. ఆ రాత్రి ఇంటి తాటాకు కప్పు లేచిపోయాక నాయన తనను భుజాన వేసుకుని మోకాటి లోతు నీళ్లలో బడి దాకా మోసుకెళ్లాడని, ఆయన తలగుడ్డ తడిసి చుట్ట వాసన కొట్టిందని, తాను ఎర్ర గౌనులో ఉన్నానని, ఇదంతా నిన్న జరిగినట్టు గుర్తుందట. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, పిల్లల్ని దగ్గరకు తీసే అలవాటూ తక్కువ. "ఆయన గురించి నేను చెప్పుకోడానికి నాకున్నది అదొక్కటే" అని రాశారు.

పోయినేడు నాయన సంవత్సరీకానికి అందరూ ఊళ్లో కలిశారు. భోజనాలయ్యాక ఈవిడ కొడుకు, తాతయ్య గురించి చెప్పమ్మా, వీడియో తీస్తానంటూ ఫోన్ పట్టుకున్నాడు. తుపాను కథ సగంలో ఉండగా, గడప దగ్గర కూర్చుని వక్కాకు వేసుకుంటున్న అక్క అందుకుంది. "ఏందే, ఆ రాత్రి నువ్వు యాడుండావు? కందుకూర్లో అమ్మమ్మ కాడ గదా! నాయన మోసింది నన్ను. కాల్లో గాజుపెంకు దిగి నేను నడవలేకపోతే షెల్టరు దాకా మోసుకుపోయినాడు." మాటామాటా పెరిగింది. అన్నీ నీకే కావాలి, ఆఖరికి నాయన భుజం కూడా నీకే కావాలా అని చెల్లెలు, నోరు తెరిస్తే అబద్ధం అని అక్క. మంచం మీద కూర్చున్న అమ్మ, డెబ్బై నాలుగేళ్లావిడ, ఇద్దర్నీ చూసి చూసి, "మీ నాయన మోసింది మీ ఇద్దర్నీ కాదే, ఈని నాల్రోజులైన దూడని. మీరు నా కొంగు పట్టుకుని రెడ్డిగారి మిద్దెకి నడిచొచ్చినారు" అంది. పిల్లలంతా పగలబడి నవ్వారు, అక్కాచెల్లెళ్లు నవ్వలేదు.

ఆ తర్వాత సింగరాయకొండలో ఉండే అక్క సంక్రాంతికి రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. ఎవరిది నిజం అన్నది ఈవిడ మొదటి ప్రశ్న. నాది నిజం కాకపోతే నాకు మతి పోతోందా, ఈమధ్య తాళాలు యాడ పెట్టానో కూడా మర్చిపోతున్నాను అన్నది రెండోది. చెయ్యని తప్పుకు నేనెందుకు సారీ చెప్పాలి అన్నది మూడోది. చివర్లో ఇంకొకటి: హిప్నాటిజం చేసి పాతవన్నీ బయటికి తీసే మనిషి ఉన్నాడని బంధువొకాయన చెబుతున్నాడట, వెళ్లమంటారా అని.

ముందు మతి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ భయం పెట్టుకుని మిగతావేవీ సరిగ్గా ఆలోచించలేరు. మీకు మతి పోవడం లేదు. తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం నలభై దాటి ఇల్లూ ఉద్యోగమూ చూసుకునే ప్రతి మనిషికీ ఉండేదే. ఇక మీకూ అక్కకూ వచ్చిన తగువు, అంటే ఒకే సంఘటనను ఇద్దరూ తమకే జరిగిందని నమ్మడం, ఎంత మామూలంటే దాని మీద పరిశోధనలే ఉన్నాయి. షీన్, కెంప్, రూబిన్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ఇదే విషయం మీద ఒక వ్యాసం వేశారు. పెద్దవాళ్లయిన కవలలను కూర్చోబెట్టి పాత సంగతులు చెప్పించారు. ఇది నాకు జరిగింది, కాదు నాకే జరిగింది అని చాలా జంటలు అక్కడికక్కడే వాదించుకున్నాయి. కొన్ని జంటలకు, తామిద్దరూ ఒకే సంగతిని ఎవరికి వారు సొంతం చేసుకున్నామన్న సంగతి ఆ రోజు దాకా తెలియదు. కవలల్లో ఇది ఎక్కువ. వయసు దగ్గరగా ఉన్న అక్కాచెల్లెళ్లలో, అన్నదమ్ముల్లో, చివరికి స్నేహితుల్లో కూడా కనిపించింది. తర్వాత వాళ్లే ఇంకాస్త తవ్వి చూస్తే, గెలిచినవీ కష్టపడినవీ మనుషులు తమ వైపు లాక్కుంటారనీ, వెధవ పనులు మాత్రం ఎదుటివాళ్లకు వదిలేస్తారనీ తేలింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మా ఇంట్లో ఊరగాయ జాడీ పగలగొట్టింది ఎవరో ఇంతవరకూ తేలలేదు.

అందువల్ల మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, దీన్ని ముందుగా మనసులో పెట్టుకోండి. అబద్ధమాడేవాళ్లకు నిజం ఏదో తెలిసి ఉంటుంది. మీ ఇద్దరికీ అది లేదు.

ఇప్పుడు ఎవరిది నిజం అన్న ప్రశ్న. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను, ఎందుకంటే మొదటిసారి చదివినప్పుడు ఏదో తేడాగా అనిపించి అది ఏమిటో పట్టుబడలేదు. రెండోసారి దొరికింది. మధ్యలో ఎక్కడో, మీ చిన్నప్పటి కష్టాలు చెబుతూ మీరే రాశారు: మామయ్య మిమ్మల్ని కందుకూరు నుంచి బస్సులో తీసుకొస్తుంటే తాటిచెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయని, ఊళ్లో బస్సు దిగగానే నాయన మామయ్య మీద కేకలేశాడని, ఇక్కడ తినడానికి గింజల్లేవు, బిడ్డని ఇప్పుడే ఎందుకు తెచ్చావురా అని, తర్వాత ఎవరి దగ్గరో బన్ను తెచ్చి మీ చేతిలో పెట్టాడని. ఆ రాత్రి మీరు ఊళ్లోనే ఉంటే మామయ్య మిమ్మల్ని కందుకూరు నుంచి ఎందుకు తీసుకొస్తాడు? తుపాను మర్నాడో ఎల్లుండో మిమ్మల్ని అమ్మమ్మ దగ్గరకు పంపించి, కొన్నాళ్లకు తిరిగి తెచ్చారని కూడా అనుకోవచ్చు, చెట్లు అంత తొందరగా ఎవరూ తీయరు కాబట్టి. అందుకే ఇదే రుజువు అని నేననను. కానీ బేరీజు వేయమంటే, ఆ రాత్రి మీరు కందుకూరులో ఉండటానికే ఎక్కువ వీలుంది అంటాను. బాధ కలుగుతుందని తెలుసు, అయినా మీరు సూటిగా అడిగారు, సూటిగా చెప్పడమే మర్యాద.

మరి చుట్ట వాసన, తడి తలగుడ్డ, ఎర్ర గౌను ఎక్కణ్నుంచి వచ్చాయి అంటారు కదా.

మనకు జరిగిన సంగతి తలలో ఒకే చోట ముద్దగా ఉండదు. చూసింది ఒక చోట, విన్నది ఒక చోట, వాసన ఇంకో చోట, భయం మరో చోట. వీటినన్నిటినీ ఒక సంఘటనగా ముడి వేసేది కణతల లోపలి వైపున ఉండే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం. 1953లో మూర్ఛలు తగ్గడానికని హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్తగా జరిగినదేదీ కాసేపటికి మించి గుర్తుండలేదు. మనం గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ ముక్కలను మళ్లీ తెచ్చి పేర్చుకుంటాం. ముక్క దొరకని చోట మామూలుగా ఏం జరుగుతుందో అది, తర్వాత విన్నది, ఇప్పుడు తెలిసింది వచ్చి కూర్చుంటాయి. ఏటా కప్పు నేసుకునే తాటాకింటి లాంటిదే ఇది. పాత ఆకులు కొన్ని, కొత్తవి కొన్ని, నేసినవాడికి తప్ప ఏవి ఏవో తెలియవు, ఇక్కడ నేసేవాడికీ తెలియదు. 2000లో కరీం నాడెర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఎప్పుడో గట్టిపడిపోయిందనుకున్న భయం జ్ఞాపకం కూడా మళ్లీ తలపుకొచ్చిన కాసేపు మెత్తబడుతుందని, ఆ సమయంలో దాన్ని చెరపవచ్చని చూపించాడు. ఎలుకల సంగతి యథాతథంగా మనకు అంటగట్టకూడదనుకోండి. కానీ చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం మారే అవకాశం ఉందన్నది మనుషుల్లోనూ చాలా రకాలుగా తేలింది. 1932లో బార్ట్‌లెట్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని చూపించాడు. అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి చదివించి, రోజులూ నెలలూ గడిచాక మళ్లీ మళ్లీ చెప్పమంటే, చదివినవాళ్లు తమకు తెలియని పడవను తెలిసిన పడవగా, సీళ్ల వేటను చేపల వేటగా మార్చేసి చెప్పారు. మార్చామని వాళ్లకు తెలియను కూడా తెలియదు.

అంత దూరం ఎందుకు, మీ ఉత్తరంలోనే ఉంది. 1989 నాటి సంగతి చెబుతూ "నెల్లూరు జిల్లా కందుకూరులో అమ్మమ్మ ఇల్లు" అని రాశారు. అప్పట్లో కందుకూరు ప్రకాశం జిల్లా. నెల్లూరులో కలిసింది 2022లో. ఊరు కదల్లేదు, అమ్మమ్మ ఇల్లూ కదల్లేదు, మీకు తర్వాత తెలిసిన విషయం ముప్పై ఏళ్ల కిందటి జ్ఞాపకంలోకి చప్పుడు లేకుండా వెళ్లి కూర్చుంది. ఇది తప్పని ఎత్తి చూపడం లేదు, మీరు తప్పు పట్టకండి. అక్క చెప్పిన షెల్టరు కూడా ఇదే బాపతు. ఆ షెల్టరు కట్టింది నేను అయిదో తరగతిలో ఉండగా, చూశారా అక్క ఎంత అబద్ధమాడిందో అని మీరు గెలిచినట్టు రాశారు. అక్కడ మీరు గెలిచిందేమీ లేదు. తర్వాత కట్టిన బిల్డింగు ముందటి రాత్రిలోకి వచ్చింది, అంతే. బిల్డింగు తప్పయితే భుజం కూడా తప్పని దానర్థం కాదు, ఆమె కాల్లో గాజుపెంకు దిగలేదని కూడా కాదు.

అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది, ఈ సంగతి నాకెలా తెలుసు అన్నది. చూశానా, విన్నానా, కలగన్నానా అన్న గుర్తు పోయి సంగతి మాత్రం మిగులుతుంది. పిల్లల మనస్తత్వం మీద జీవితమంతా పనిచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజేకే ఇది జరిగింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు పారిస్‌లో తనను ఎవడో ఎత్తుకుపోబోతే ఆయా అడ్డుపడి కాపాడిందని, ఆమె ముఖం మీద గీరుకుపోయిన గాట్లు కూడా కనిపిస్తున్నాయని ఆయన చాలాకాలం నమ్మాడు. ఆయనకు పదిహేనేళ్ల ప్రాయంలో ఆ ఆయా, అదంతా నేను కల్పించి చెప్పానని ఉత్తరం రాసి, అప్పట్లో బహుమతిగా ఇచ్చిన గడియారాన్ని తిరిగి పంపింది. పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నది కళ్లతో చూసిన దృశ్యమైపోయింది. మీ సంగతి తీసుకోండి. మన తీరంలో ప్రతి అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలోనో టీవీలోనో వినపడితే చాలు, ఇంట్లో పాత తుపాను కథ మొదలవుతుంది. నాయన మోసుకెళ్లిన కథ మీరెన్నిసార్లు విని ఉంటారో. బహుశా తొమ్మిదేళ్ల అక్క నోటి నుంచే. అయిదున్నరేళ్ల పిల్ల, ఇంట్లో అందరికీ ఉన్న రాత్రి తనకొక్కదానికే లేని పిల్ల, ఆ కథలో తనను తాను కూర్చోబెట్టుకోవడానికి దొంగబుద్ధి అక్కర్లేదు. వినేటప్పుడు ఊహించుకుంటాం, ఊహించుకున్నది కొన్నేళ్లకు గుర్తొస్తుంది. చుట్ట వాసన మటుకు నూటికి నూరుపాళ్లు నాయనదే, కాకపోతే అది ఆ ఒక్క రాత్రిది కాకుండా పదేళ్ల సాయంత్రాలది అయి ఉండొచ్చు.

ఎర్ర గౌను గురించి ఒక మాట. మిమ్మల్ని మీరు వెనకనుంచి చూస్తున్నట్టు, నాయన వీపు మీద ఎర్ర గౌను కనిపిస్తున్నట్టు రాశారు. ఎవరైనా, అది నీ కళ్లతో చూసింది కాదు కాబట్టి దొంగ జ్ఞాపకం అంటే నమ్మకండి. నైగ్రో, నైస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో దీన్ని పరిశీలించారు. నిజంగా జరిగినవి కూడా చాలాసార్లు బయటనుంచి చూస్తున్నట్టు గుర్తొస్తాయి, పాతబడేకొద్దీ మరీను. అందువల్ల గౌను మీ కేసుకు ఇటూ పనికిరాదు, అటూ పనికిరాదు.

అంత పెద్ద తుపానును ఎవరైనా తప్పుగా గుర్తుపెట్టుకుంటారా అని కూడా అడిగారు. పెట్టుకుంటారు. 1986 జనవరిలో అమెరికా వాళ్ల చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు, ఆ నైస్సరే హార్ష్ అనే మరో పరిశోధకురాలితో కలిసి, కాలేజీ పిల్లల చేత ఆ వార్త ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో, ఏం చేస్తున్నారో రాయించి దాచారు. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే, నాలుగో వంతు మంది ముఖ్యమైన వివరాల్లో ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయారు. ధీమా మాత్రం తగ్గలేదు. వాళ్ల చేతిరాత వాళ్లకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. ఎంత స్పష్టంగా గుర్తుంది అన్నది, ఎంత నిజం అన్నదానికి కొలమానం కాదు. ఇది మీకెంత వర్తిస్తుందో అక్కకూ అంతే వర్తిస్తుంది.

అమ్మ దగ్గరికొద్దాం, ఎందుకంటే మీ ఇద్దరూ ఆవిణ్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. వయసైపోయింది, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు, దూడ అంటుంది పాపం అని తీసి పక్కన పెట్టారు. మతిమరుపు మొదలైనవాళ్లలో ముందు పోయేవి నిన్నటివి, మొన్నటివి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. దీన్ని రిబో అనే ఫ్రెంచి ఆయన 1881లోనే రాశాడు. ఆ ముగ్గురిలో ఆ రాత్రికి పెద్దమనిషి ఆవిడొక్కతే, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ నడిచిన మనిషి. అయితే ఆవిడ మాట ప్రకారం మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి, ఆవిడ జ్ఞాపకంలోనూ వేరే ఏదో రాత్రి కలిసి ఉండొచ్చు. ఆ తీరానికి గాలివాన ఒక్కసారే రాలేదు కదా. ఏ పేదింట్లోనైనా ఈనిన ఆవూ దూడా ఎంత ఆస్తో మీకు చెప్పక్కర్లేదు. నడవగలిగిన పిల్లల్ని నడిపించి దూడను భుజానికెత్తుకున్న నాయన మీకు నచ్చకపోవచ్చు కానీ, నమ్మలేని మనిషి మాత్రం కాదు.

ఇక ఏం చెయ్యొచ్చు.

నిజం కనుక్కుందాం అనిపిస్తే ఒక దారి ఉంది, మామయ్య ఇంకా కందుకూరులోనే ఉన్నారని రాశారు. ఆయన్ని అడగండి. కానీ ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. "మామయ్యా, తుపాను రాత్రి నేను ఊళ్లోనే ఉన్నాను గదా" అన్నారంటే ఆయన మంచివాడైతే అవునమ్మా అంటాడు, అక్క ముందు ఫోన్ చేసి ఉంటే కాదమ్మా అంటాడు. లాఫ్టస్, పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో కారు ప్రమాదం ఫిల్ము చూపించి ఎంత స్పీడులో గుద్దుకున్నాయి అని కొందరిని, ఎంత స్పీడులో తగిలాయి అని కొందరిని అడిగారు. గుద్దుకున్నాయి అని అడిగించుకున్నవాళ్లు స్పీడు ఎక్కువ చెప్పడమే కాదు, వారం తర్వాత పగిలిన అద్దాలు చూశారా అంటే వాళ్లలోనే ఎక్కువమంది చూశాం అన్నారు. ఫిల్ములో పగిలిన అద్దాలే లేవు. కాబట్టి, ఆ తుపానప్పుడు మీ ఇంట్లో ఎవరెవరున్నారు మామయ్యా అని మాత్రం అడిగి ఊరుకోండి. ఇంకెవరినైనా అడగాలనుకుంటే విడివిడిగా అడగండి, అందరినీ ఒక చోట కూర్చోబెడితే గొంతున్నవాడి జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. బడిలో హాజరు పట్టీ ఉంటుందేమో అని రాశారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ దారిలో పోతే ఒకటి మాత్రం ఖాయం, మీకు నచ్చని జవాబు వచ్చే వీలు ఎక్కువ. వస్తే దాన్ని అక్కకు చెప్పే దమ్ము ఉందో లేదో ముందే చూసుకోండి. నచ్చిన జవాబు వస్తేనే ఫోన్ చేస్తాను అనుకుంటే మొదలుపెట్టకండి. అన్నట్టు అక్క కాలు చూపించమని మాత్రం అడగొద్దు, మచ్చ ఉన్నా లేకపోయినా అడిగిన మాట ఉండిపోతుంది.

రెండో దారి, పోనీలే అని అక్క చెప్పిందే నిజమని ఒప్పేసుకోవడం. ఇల్లు నిలబడుతుంది, పండక్కి అందరూ వస్తారు. కానీ మనసులో ఒప్పుకోకుండా నోటితో ఒప్పుకుంటే అది ఏదో పెళ్లిలోనో సీమంతంలోనో ఇంకో మాట సాకుగా బయటపడుతుంది, అప్పుడు ఇంతకన్నా పెద్ద గొడవ అవుతుంది. నేనైతే ఈ దారి పట్టను, మీ స్వభావం మీకు తెలుసు.

మూడోది, ఏమీ చెయ్యకుండా కాలానికి వదిలేయడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. మీ ఇంట్లో అమ్మకు డెబ్బై నాలుగు కాబట్టి అంత టైమ్ ఉందా అన్నది ఆలోచించండి.

నాలుగోది మీ అబ్బాయి వీడియో. అందులో మీ ముగ్గురి కథా పెట్టమనండి, మీది, అక్కది, అమ్మ దూడది, ఎవరిది వాళ్లే చెప్పేలా, ఎవరూ మధ్యలో అడ్డు తగలకుండా. ఇది బాగానే ఉంటుంది కానీ ఒక చిక్కుంది. అక్క దృష్టిలో ఇది "మూడూ సమానమే" అన్నట్టు ఉంటుంది, తనది నిజమని గట్టిగా నమ్ముతున్న మనిషికి అది అవమానంగానే ఉంటుంది. అందుకే దీన్ని రాజీకి ముందు కాకుండా రాజీ అయ్యాక చెయ్యండి. ఇప్పటికి ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పడకుండా చూసుకోండి.

సారీ సంగతి. జ్ఞాపకానికి సారీ చెప్పక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. మీరన్న మాట మీ చేతిలో ఉంది. అన్నీ నీకే కావాలా అన్నారు చూడండి, అది తుపాను గురించి కాదు. ఎప్పటి నుంచో ఉన్న లెక్క ఏదో అందులో ఉంది, నాయన అక్కతో ఎక్కువ మాట్లాడేవాడన్నదో, పెళ్లికి పెట్టిన ఖర్చో, మీకు తెలియాలి. ఆవిడ నోరు తెరిస్తే అబద్ధం అన్నదీ అలాంటిదే. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, చిన్నది. "అక్కా, ఆ మాట అనుండకూడదు, నువ్వు అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు" అంటే చాలు. షెల్టరు ఎప్పుడు కట్టారో అందులో చెప్పకండి, దయచేసి. పరిశోధనల సంగతి అసలే వద్దు, చెల్లెలు చదువు చూపిస్తోంది అనుకుంటుంది.

ఆ రాత్రి మీది కాదని తేలితే నాకు నాయన గురించి ఏం మిగులుతుంది అని చివర రాశారు. బస్సు దిగిన సంగతి మిగులుతుంది. దాన్ని మీరు కథగా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ మీకు చెప్పలేదు, కష్టాల లిస్టులో ఒక లైనుగా రాసి దాటిపోయారు. అదీ అణువణువూ నిజమని నేను హామీ ఇవ్వను, ఇంతసేపూ చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. కానీ ఊరంతా చెప్పి చెప్పి అరగదీసిన కథ కాదు కాబట్టి పక్కవాళ్ల మాటలు దానిలో తక్కువ కలిసి ఉంటాయి. గింజల్లేని రోజుల్లో నాయన మీకోసం ఎక్కడో అడిగి బన్ను తెచ్చాడు. మీ అబ్బాయికి ఈసారి అది చెప్పండి.

హిప్నాటిజం ఆయన దగ్గరకు వెళ్లొద్దు. అక్కడ వివరాలు ఎక్కువ గుర్తొస్తాయి, వాటిలో తప్పులూ ఎక్కువ ఉంటాయి, నమ్మకం మాత్రం రాయిలా గట్టిపడుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలా రాబట్టిన సాక్ష్యాన్ని కోర్టులు తీసుకోవడం మానేశాయి. ఇప్పుడు మీకూ అక్కకూ మధ్య ఉన్న కాస్త అనుమానమే మీకు మేలు చేసేది, డబ్బిచ్చి దాన్ని పోగొట్టుకోకండి.

ఆ డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. అమ్మ మాత్రలు మర్చిపోవడం, ఒకే ప్రశ్న గంటలో మళ్లీ మళ్లీ అడగడం గురించి మీరు మాటవరసకు రాశారు కానీ, నాకు మీ ఉత్తరంలో నిజంగా తొందరగా చూడాల్సింది అదే అనిపించింది. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, మనసు దిగులుపడినా పెద్దవాళ్లలో మతిమరుపు కనిపిస్తుంది, వాటికి మందులున్నాయి. ముందు ఫిజీషియన్‌కు చూపించి రక్తపరీక్షలు చేయించండి, ఆయన చెబితే న్యూరాలజిస్టు దగ్గరకు. వాయిస్ మెసేజ్ పెట్టిన రెండు మూడు రోజులకు అక్కకు దీని గురించే ఫోన్ చేయండి, ఎత్తకపోతే బావగారికి చేయండి. ఆస్పత్రికి ఇద్దరూ కలిసి వెళ్లండి. అమ్మకు ఎప్పటి నుంచి ఇలా ఉంది, మొదట ఏం గమనించారు అని డాక్టరు అడుగుతారు. ఇద్దరూ వేర్వేరు జవాబులు చెప్పినా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు, రెండూ రాసుకుంటారు.